ఓపెన్ వీల్ రేసింగ్‌లో మెకానిక్ నుంచి క్రూ చీఫ్ దాకా: పని నేర్చుకునే దారి

టీవీలో పిట్ స్టాప్ (రేసు మధ్యలో కారు ఆగితే టైర్లు మార్చడం) చూసి ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లే ఎక్కువ. అందులో తప్పేం లేదు. కాకపోతే ఆ కొన్ని సెకన్లు ఈ ఉద్యోగంలో చాలా చిన్న ముక్క. మిగతా కాలమంతా కారు విప్పడం, కడగడం, పరీక్షించడం, మళ్లీ బిగించడం, బిగించినట్టు రాసిపెట్టడంతోనే గడుస్తుంది. ఒక మెకానిక్ "ఈ పని అయిపోయింది" అన్నాడంటే ఇక దాని గురించి ఇంకెవరూ ఆలోచించనక్కర్లేదు అన్న నమ్మకం కుదరాలి. క్రూ చీఫ్ స్థాయికి వెళ్లేవాళ్లు ఆ నమ్మకం మీదే వెళ్తారు. చేతివేగం తర్వాతి మాట.

ముందు ఎవరి పని ఏమిటో తెలుసుకోండి

చక్రాలు బాడీ బయటికి ఉండే ఒంటి సీటు కార్లతో జరిగేది ఓపెన్ వీల్ రేసింగ్. పైస్థాయిలో ఫార్ములా 1, అమెరికాలో ఇండీకార్, జపాన్‌లో సూపర్ ఫార్ములా, బ్యాటరీతో నడిచే ఫార్ములా ఇ ఉన్నాయి. ఫార్ములా 1 కింద ఫార్ములా 2, 3, 4 మెట్లు మెట్లుగా ఉంటాయి. ఇండీకార్ కింద యూఎస్ఎఫ్ 2000, యూఎస్ఎఫ్ ప్రో 2000, ఇండీ నెక్స్ట్ ఉన్నాయి. డ్రైవర్లు ఎక్కే ఈ మెట్లే మెకానిక్‌లూ ఎక్కుతారు.

క్రూ చీఫ్ అనే హోదా ఇండీకార్ వైపు ఎక్కువగా వినిపిస్తుంది. ఫార్ములా 1లో ఒక్కో కారుకు ఒక నంబర్ వన్ మెకానిక్, అందరి మీదా చీఫ్ మెకానిక్ ఉంటారు. పేరేదైనా బాధ్యత ఒకటే. కారు ఎలా ఉండాలో రేస్ ఇంజినీరు నిర్ణయిస్తాడు. అతను కాగితం మీద రాసింది కారులో నిజంగా ఉండేలా చూసేది క్రూ చీఫ్. వాళ్ల కింద కారు ముందు భాగానికి ఒకరు, వెనక భాగానికి ఒకరు, గేర్‌బాక్స్‌కు ఒకరు, ఎలక్ట్రానిక్స్‌కు ఒకరు, టైర్లకు ఒకరు ఉంటారు.

ఇంజిన్లు విప్పి బిగించడమే మీకు ఇష్టమైతే ఒక విషయం ముందే చెప్పాలి. ఇండీకార్‌లో హోండా, షెవర్లే ఇంజిన్లు టీములకు లీజు మీద వస్తాయి. టీము మెకానిక్ వాటిని కారుకు ఎక్కిస్తాడు, దింపుతాడు. లోపల చెయ్యి పెట్టడు. ఇంజిన్ మీద అంత మక్కువ ఉంటే ఇంజిన్ తయారీ సంస్థల వైపే వెళ్లండి.

పునాది: చదువా, చేతిపనా?

రెండూ పనికొస్తాయి. ఒకటే ఎంచుకోమంటే మాత్రం నేను చేతిపనికే ఓటేస్తాను. ఇంజినీరింగ్ డిగ్రీ ఉండి మెకానిక్ పనికి వచ్చిన వాళ్లను టీములు కాస్త అనుమానంగా చూస్తాయి: ఆరు నెలల తర్వాత ల్యాప్‌టాప్ ముందు కుర్చీ అడుగుతాడేమో అని. ఐటీఐ తరహా శిక్షణ, విమానాల మెయింటెనెన్స్ అనుభవం, మోటార్‌సైకిల్ రేసు షెడ్డులో పని లాంటివన్నీ మంచి దారులే. అందులోనూ విమానాల నుంచి వచ్చినవాళ్లు తొందరగా కుదురుకుంటారు. ప్రతి బోల్టుకూ లెక్క, ప్రతి పనికీ సంతకం వాళ్లకు ముందే అలవాటు.

ప్రత్యేక చదువు కావాలంటే ఇంగ్లండ్‌లో సిల్వర్‌స్టోన్ ట్రాక్ దగ్గర నేషనల్ కాలేజ్ ఫర్ మోటార్‌స్పోర్ట్ ఉంది. అమెరికాలో ఇండియానాపొలిస్‌లో మోటార్‌స్పోర్ట్స్ ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది, 2024 నుంచి అది పర్డ్యూ విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఇంజినీరింగ్ కాలేజీలో ఉన్నవాళ్లకు ఫార్ములా స్టూడెంట్, ఫార్ములా ఎస్ఏఈ పోటీలు దొరుకుతాయి. వాటిలో విద్యార్థులే కారు డిజైన్ చేసి, తయారుచేసి పోటీకి తెస్తారు. ఇంటర్వ్యూలో డిజైన్ రిపోర్టు చూపించే కన్నా, కారులో ఏ భాగం మీ చేత్తో చేశారో, అది ఎక్కడ విరిగిందో, తర్వాత ఏం మార్చారో చెప్పండి. వినేవాళ్లకు కావాల్సింది అదే.

కనీసం రావాల్సినవి చెబుతాను. డ్రాయింగ్ చదవడం, వెర్నియర్‌తోనూ మైక్రోమీటర్‌తోనూ కొలవడం, డ్రిల్లు, ట్యాపు పట్టడం, కొంత వెల్డింగ్, వైరింగ్‌లో తెగిన చోటు పట్టుకోవడం, కార్బన్ ఫైబర్‌కు చిన్న రిపేరు చేయడం. అధిక వోల్టేజి భద్రత శిక్షణ ఒకప్పుడు అదనపు అర్హత, ఇప్పుడు దాదాపు అవసరం. ఇండీకార్ కూడా 2024లో సీజన్ మధ్య నుంచి హైబ్రిడ్‌కు మారింది. ఫార్ములా 1లో, ఫార్ములా ఇలో కారు మీద భద్రత లైటు సరిగ్గా వెలుగుతోందో లేదో చూడకుండా ఎవరూ చెయ్యి వేయరు.

చిన్న టీములో చేరండి

ఫార్ములా 1 టీములకు అప్లికేషన్లు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడటం కన్నా, ఈ వారాంతం రేసు ఉన్న ఫార్ములా 4 టీము దగ్గరికి వెళ్లడం మేలు. అక్కడ ఒక కారుకు ఒకరిద్దరే మెకానిక్‌లు. బ్రేకులు, గేర్‌బాక్స్, అలైన్‌మెంట్, టైర్లు అన్నీ మీ చేతిమీదుగానే వెళ్తాయి. పెద్ద టీములో చేరితే మూడేళ్లు ముందు సస్పెన్షన్ ఒక్కటే చూస్తూ ఉండిపోవచ్చు.

టీములు కొన్ని ప్రాంతాల్లో గుంపుగా ఉంటాయి. ఇంగ్లండ్‌లో సిల్వర్‌స్టోన్ చుట్టుపక్కల, ఆక్స్‌ఫర్డ్‌షైర్, నార్తాంప్టన్‌షైర్ వైపు ఎక్కువ. అమెరికాలో ఇండియానాపొలిస్ చుట్టూ ఎక్కువ. ఇండీకార్ ఛాసిస్ (కారు మూల చట్రం) తయారుచేసే డల్లారా సంస్థకు ఇండియానాపొలిస్ ట్రాక్ పక్కనే ఉన్న స్పీడ్‌వే పట్టణంలో ఫ్యాక్టరీ ఉంది. ఆ చుట్టుపక్కల ఉంటే ఒక టీములో ఖాళీ రాగానే మీ చెవిన పడుతుంది. పరాయి దేశం నుంచి వెళ్లేవాళ్లు పని అనుమతి సంగతి ముందే తేల్చుకోండి. చిన్న టీములకు మీ వీసా పని చూసేంత తీరిక ఉండదు.

అడిగే తీరు కూడా ముఖ్యం. "నాకు రేసింగ్ అంటే ప్రాణం" అనే ఈమెయిల్ ఎవరూ చివరిదాకా చదవరు. "ఫలానా తేదీల రేసుకు రాగలను, టైర్లు, క్లీనింగ్, ప్యాకింగ్ ఏదైనా చేస్తాను, సొంత టూల్స్ ఉన్నాయి" అని నాలుగు లైన్లు రాయండి. ఒకటి రెండు వారాంతాలు ఉచితంగా చేయడం మామూలే. అంతకు మించి ఉచితంగా చేయమంటే మర్యాదగా తప్పుకోండి. రోజు లెక్కన జీతం మాట్లాడుకునేటప్పుడు ప్రయాణం, బస, భోజనం ఎవరి ఖర్చో రాతలో తీసుకోండి. చిన్న స్థాయిలో గొడవలన్నీ వీటి దగ్గరే వస్తాయి.

టూల్స్

మొదట్లోనే పెద్ద టూల్ బాక్సు కొని అప్పుల పాలవకండి. మంచి కాంబినేషన్ స్పానర్లు, పావు అంగుళం, మూడెనిమిదో వంతు డ్రైవ్ సాకెట్లు, అలెన్ కీలు, లాక్ వైర్ (బోల్టులు వదులవకుండా కట్టే తీగ) ప్లయర్స్, వెర్నియర్, టార్చి చాలు. మిల్లీమీటర్ సైజులతో పాటు అంగుళాల సైజులు కూడా ఉండాలి. హోసుల ఫిట్టింగులు ఐరోపా కార్లలో కూడా చాలావరకు ఏఎన్ (ఆర్మీ-నేవీ) అనే అమెరికా కొలతల్లోనే ఉంటాయి. వాటి నంబరు అంగుళంలో పదహారో వంతుల లెక్క: 6 నంబరు అంటే మూడెనిమిదో వంతు అంగుళం గొట్టానికి సరిపోయేది.

టార్క్ అంటే బిగించే బలం. అది సరిపోగానే క్లిక్ వచ్చే టార్క్ రెంచ్‌ను పని అయ్యాక తక్కువ సెట్టింగ్‌కు తిప్పి పెట్టాలి. లేకపోతే స్ప్రింగ్ బలం తగ్గి కొలత తప్పుతుంది. టూల్ బాక్సు అరల్లో ఫోమ్ పెట్టి ఒక్కో పనిముట్టు ఆకారానికి కోయండి. ఖాళీ గుంత కనిపించిందంటే ఆ స్పానర్ ఇంకా కారులోనే ఉందని అర్థం. కాక్‌పిట్‌లో మిగిలిపోయిన అలెన్ కీ బ్రేక్ పెడల్ కిందికి దొర్లితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మొదటి సంవత్సరం: కడగడం, బిగించడం

కొత్తవాళ్లకు కారు కడిగే పని ఇస్తారు. చిన్నపని అనుకుని చిరాకు పడేవాళ్లు అక్కడే ఆగిపోతారు. కడిగే చెయ్యే పగుళ్లను ముందు పట్టుకుంటుంది. విష్‌బోన్ (చక్రాన్ని కారుకు కలిపే సస్పెన్షన్ చెయ్యి) వెల్డింగ్ దగ్గర వెంట్రుకంత గీత, అప్‌రైట్ (చక్రాన్ని మోసే భాగం) దగ్గర కారిన గ్రీజు, ఒక పక్క మాత్రమే రంగు మారిన బ్రేక్ డక్ట్ (బ్రేకులకు గాలి తెచ్చే గొట్టం) లాంటివి మురికి పోయాకే కనిపిస్తాయి. అనుమానం వస్తే డై పెనెట్రెంట్ పరీక్ష చేస్తారు. ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, పైన తెల్లటి డెవలపర్ చల్లితే పగులులో దాక్కున్న రంగు గీతలా బయటికి వస్తుంది.

ఇక బోల్టు. బోల్టు శుభ్రంగా ఉందా, మరలు దెబ్బతిన్నాయా చూడాలి. మొదట వేళ్లతోనే తిప్పాలి, పట్టేస్తే బలవంతం చేయకూడదు. షీట్‌లో రాసిన టార్క్ పొడి మరలకా, నూనె రాసిన వాటికా చూసుకోవాలి. నూనె ఉంటే అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది. నైలాక్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ వలయం ఉండేది) ఒకసారి విప్పితే చెత్తబుట్టలోకే. ఎగ్జాస్ట్, బ్రేకుల దగ్గర నైలాన్ కరిగిపోతుంది కాబట్టి అక్కడ పూర్తి లోహపు లాక్ నట్టు వాడతారు. బిగించాక బోల్టు తల మీంచి పక్క భాగం మీదికి పెయింట్ పెన్నుతో గీత. ఆ గీత తెగితే బోల్టు కదిలిందని దూరం నుంచే తెలుస్తుంది. లాక్ వైరు వేస్తే, బోల్టు వదులవబోతే వైరు దాన్ని బిగించే వైపు లాగేలా వేయాలి. తర్వాత చెక్ షీట్‌లో మీ సంతకం. స్టీరింగ్, బ్రేకులు, సస్పెన్షన్ లాంటి వాటికి రెండో మనిషి చూసి రెండో సంతకం పెడతాడు.

పని మధ్యలో ఎవరైనా పిలిస్తే వెళ్లొచ్చాక ఆ బోల్టుల వరస మళ్లీ మొదటి నుంచి చూడండి. చాలా బోల్టులు అలాంటి పిలుపుల వల్లే వదులుగా మిగిలిపోతాయి. చేతిబిగువు మీద వదిలిన నట్టుకు పెయింట్ గీత పెట్టకుండా ఉండటం అందుకే కఠిన నియమం.

గేర్‌బాక్స్ మెకానిక్ దగ్గర కూర్చునే అవకాశం వస్తే వదులుకోకండి. డాగ్ రింగుల (గేర్లను కలిపే పళ్ల వలయాల) అంచులు గుండ్రబడ్డాయంటే షిఫ్టులు సరిగ్గా పడటం లేదని అర్థం. డ్రైవర్ చెప్పని సంగతులు ఆ అంచులు చెబుతాయి.

సెటప్ ప్యాడ్ మీద కారు

మామూలు మెకానిక్‌కూ నంబర్ వన్‌కూ తేడా తెలిసేది ఇక్కడే. కారు ఎత్తు, బరువు, చక్రాల కోణాలు సరిచేసే చదునైన చోటే సెటప్ ప్యాడ్. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నాలుగు తూకం బల్లలు ఒకే మట్టంలో ఉండాలి. ముందు వాటినే కొలవండి, నిన్న సరిగ్గా ఉన్నాయి కదా అనుకోవద్దు. టైర్లలో గాలి ఇంజినీరు చెప్పినంత ఉండాలి, చాలా టీములు టైర్ల బదులు గట్టి సెటప్ చక్రాలు వాడతాయి. డ్రైవర్ బరువుకు సమానమైన బరువును సీట్లో, అతను కూర్చునే చోటే పెట్టాలి. ఇంధనం ఎంత ఉండాలో అంతే ఉండాలి. యాంటీ రోల్ బార్లు (మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీలు) విప్పేయాలి, లేకపోతే అవి ఒక పక్క బరువును రెండో పక్కకు తోస్తుంటాయి.

తర్వాత ఎత్తు. ముందు, వెనక కారు అడుగు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో సరిచేయాలి. ఆ తర్వాత ఒక్కో చక్రం మీది బరువు. పుష్‌రాడ్ (చక్రం కదలికను స్ప్రింగ్‌కు చేర్చే కడ్డీ) పొడవు పెంచితే ఆ మూల మీద బరువు పెరుగుతుంది, దానికి ఎదురు మూల మీదా పెరుగుతుంది. మిగతా రెండు మూలల మీద తగ్గుతుంది. ఎత్తు చెడకుండా బరువు మార్చాలంటే ఒక ఐమూల జంటను పొడిగిస్తూ రెండో జంటను తగ్గించాలి. మార్చిన ప్రతిసారీ కారును ఊపి, సస్పెన్షన్ కుదురుకున్నాకే అంకె చదవాలి. తర్వాత కాంబర్ (చక్రం పై అంచు లోపలికో బయటికో వాలే కోణం), టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగే కోణం). టో మారితే కాంబర్, కాంబర్ మారితే ఎత్తు కొద్దిగా కదులుతాయి కాబట్టి ఒక చుట్టు మళ్లీ చూడాలి. చివర్లో రోల్ బార్లు ఏ ఒత్తిడీ లేకుండా కలపాలి. కలిపాక తూకం అంకె మారిందంటే లింకు పొడవు తప్పు.

ఓవల్ ట్రాకులో కారు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది కాబట్టి కారును కావాలనే అసమానంగా పెడతారు. కుడి వెనక టైరు ఎడమ దానికన్నా చుట్టుకొలతలో పెద్దది. రోడ్ సర్క్యూట్ నుంచి ఓవల్‌కు మార్చడం ఇండీకార్ మెకానిక్‌కు పెద్ద పని, పూర్తి జాబ్ లిస్టే వేరు.

పిట్ స్టాప్

ఇండీకార్‌లో ఆరుగురు గోడ దాటి వస్తారు: నలుగురు టైర్లకు, ఒకరు ఇంధనానికి, ఒకరు కారును పైకి లేపే ఎయిర్ జాక్‌కు. చాలాసార్లు క్రూ చీఫ్ తానే ముందు టైరు మార్చి డ్రైవర్‌కు వెళ్లమని సైగ చేస్తాడు. ఫార్ములా 1లో 2010 నుంచి రేసు మధ్యలో ఇంధనం పోయడం లేదు. అక్కడ ఇరవై మంది దాకా ఉంటారు, ఒక్క చక్రానికే ముగ్గురు. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ 1.80 సెకన్లలో స్టాప్ ముగించింది.

చెడిపోయిన స్టాపులు నేర్పేది ఎక్కువ. 2021 మొనాకోలో రెండో స్థానంలో ఉన్న మెర్సిడెస్ కారు పిట్‌లోకి వచ్చింది. చక్రం నట్టు విప్పే గన్ కొద్దిగా వంకరగా పట్టుకోవడంతో నట్టు అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. కారు రేసు నుంచి తప్పుకుంది. ఆ చక్రం చివరికి ఫ్యాక్టరీకి తీసుకెళ్లాకే ఊడింది. కాబట్టి ప్రాక్టీసులో ముందు గన్ నిటారుగా దిగడం నేర్చుకోండి. వేగం పెంచాలని చూసేవాళ్లు చేతులు కదిపే వేగం పెంచుతారు. పాదాలు ఎక్కడ పడతాయో, గన్ హోసు ఎటు పడుతుందో ముందే తేల్చుకుంటే సగం సమయం దానంతటదే కలిసొస్తుంది.

ఇంధనం దగ్గర భయం ఉండాలి. 1981 ఇండియానాపొలిస్ 500 (ఇండీ కార్ల పెద్ద రేసు)లో డ్రైవర్ రిక్ మియర్స్ పిట్‌లో మెథనాల్ మంట అంటుకుంది. ఆ మంట పగటి వెలుగులో కంటికి కనిపించదు. మనుషులు కాలుతున్నారని చుట్టూ ఉన్నవాళ్లకు వెంటనే అర్థం కాలేదు. నేటికీ ఇండీకార్‌లో స్టాప్ అవగానే ఇంధనం పోసిన చోట నీళ్లు కొట్టేది ఊరికే కాదు.

క్రూ చీఫ్ అయ్యాక

నంబర్ వన్‌గా కొన్ని సీజన్లు చేశాక ఈ అవకాశం రావచ్చు. అప్పటి నుంచి మీ చేతిలో స్పానర్ కన్నా కాగితాలే ఎక్కువగా ఉంటాయి. మంచి మెకానిక్‌లు కొందరు దీన్ని తట్టుకోలేక వెనక్కి వెళ్లిపోతారు. అది తక్కువతనం కాదు.

మీ రోజు జాబ్ లిస్టుతో మొదలవుతుంది. ఇంజినీరు అడిగిన మార్పులు, గత సెషన్‌లో దొరికిన లోపాలు, గడువు తీరిన భాగాలు అన్నీ ఒక్కచోటికి రావాలి. ప్రతి ముఖ్య భాగానికీ సీరియల్ నంబరు, ఎన్ని మైళ్లు తిరిగిందో లెక్క, ఎన్ని మైళ్లకు మార్చాలో పరిమితి ఉంటాయి. టెక్నికల్ తనిఖీకి కారు ఏ గంటకు చేరాలో అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుని పని పంచుకోవాలి. ఏ పని వదిలేయాలో ఇంజినీరుకు ముందే చెప్పగలగాలి. ఇంకో డాంపర్ (షాక్ అబ్జార్బర్) మార్పుకు సమయం లేదని సెషన్‌కు పది నిమిషాల ముందు చెప్పేవాడి మీద ఎవరికీ నమ్మకం ఉండదు.

కారు గోడకు గుద్దుకుని ట్రక్కు మీద వచ్చిందనుకోండి. ముందు డ్రైవర్ క్షేమమేనా కనుక్కోండి. తర్వాత ఎవరినీ స్పానర్ పట్టనివ్వకుండా కారు చుట్టూ తిరిగి లిస్టు రాయండి. ఒక మూల విరిగితే ఆ దెబ్బ గేర్‌బాక్స్ దాకా వెళ్లి ఉండొచ్చు. టబ్ (డ్రైవర్ కూర్చునే కార్బన్ ఫైబర్ గూడు) మీద నాణెంతో తట్టి వినే పద్ధతి ఇప్పటికీ ఉంది, పొరలు విడిపోయిన చోట శబ్దం మందంగా వస్తుంది. అనుమానంగా ఉంటే కాంపోజిట్ (కార్బన్ ఫైబర్ లాంటి పదార్థాల) నిపుణుడు చెప్పేదాకా ఆగాలి. రిపేరా, స్పేర్ కారా అన్న నిర్ణయం వీలైనంత త్వరగా తీసుకుని అందరికీ ఒకేసారి చెప్పండి.

మనుషులతో వ్యవహరించడం అన్నిటికన్నా కష్టం. రాత్రి పదకొండింటికి కుర్రాడొకడు వచ్చి "అన్నా, ఎడమ వెనక టాప్ బోల్టు బిగించానో లేదో గుర్తులేదు" అంటే, కారు అప్పటికే కవర్ వేసి ఉన్నా సరే, విప్పి చూపించండి. విసుక్కోవద్దు. ఒక్కసారి తిడితే వచ్చే నెల ఇలాంటిదే జరిగినప్పుడు మీ దగ్గరికి రాడు. 2018 ఫార్ములా 1 ఆస్ట్రేలియా రేసులో హాస్ టీము కార్లు రెండూ నాలుగు, అయిదు స్థానాల్లో ఉండగా పిట్ స్టాప్‌లో చక్రాలు సరిగ్గా బిగుసుకోక కొద్ది లాప్‌ల తేడాతో ఆగిపోయాయి. డ్రైవర్ రొమాన్ గ్రోజాన్ కారు దిగాక మెకానిక్‌లను ఓదార్చాడు. తర్వాత టీము మనుషుల స్థానాలు మార్చింది, ప్రాక్టీసు పెంచింది. జరిగిన పొరపాటుకు పనికొచ్చే జవాబు అలా ఉంటుంది.

జీవితం, పై మెట్లు

ఇండీకార్ సీజన్‌లో పదిహేడు చుట్టుపక్కల రేసులు, ఫార్ములా 1లో 2024లో 24 రేసులు జరిగాయి. మధ్యలో టెస్టులు, ఫ్యాక్టరీ పని. నడుము, మోకాళ్లు, వినికిడి ముందు దెబ్బతింటాయి. చెవులకు రక్షణ మొదటి రోజు నుంచే పెట్టుకోండి, యాభై ఏళ్లకు కాదు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు చాలా పోతాయి. ఇంట్లోవాళ్లతో సీజన్ మొదలవకముందే క్యాలెండర్ పెట్టుకుని మాట్లాడటం మంచిది.

ఈ దారి ఎక్కడికి వెళ్తుందంటే, జార్జ్ బిగ్నోటి చీఫ్ మెకానిక్‌గా ఏడుసార్లు ఇండియానాపొలిస్ 500 గెలిచాడు. రాన్ డెన్నిస్ 1960లలో కూపర్ టీములో మెకానిక్‌గా చేరి, తర్వాత మెక్‌లారెన్‌ను నడిపాడు. చాలామంది టీము మేనేజర్లుగా, గేర్‌బాక్స్ లేదా కాంపోజిట్ విభాగాల పెద్దలుగా, టెక్నికల్ తనిఖీ అధికారులుగా స్థిరపడతారు.

టీము మారాలనుకుంటే సీజన్ మధ్యలో అడగొద్దు. ఇండీకార్ ఆగస్టు చివర్లో లేదా సెప్టెంబరులో ముగుస్తుంది, వచ్చే ఏడాదికి మనుషుల ఎంపిక శరత్కాలంలో జరుగుతుంది. అప్పుడు ఫోన్ చేయండి. అవతలి క్రూ చీఫ్ మీ పాత క్రూ చీఫ్‌కు ఫోన్ చేస్తాడు. కాబట్టి వెళ్లిపోతున్నానని ముందు ఇప్పటి టీముకు చెప్పండి, చివరి రేసు తర్వాత ట్రక్కు ప్యాకింగ్ పూర్తయ్యేదాకా ఉండండి, మీ పేరు మీద ఉన్న చెక్ షీట్లన్నీ సంతకాలతో అప్పజెప్పండి.